నాలుగు లీటర్లు చిన్నది

ఇరవై లీటర్ల బీరు ఇంట్లో కాయాలంటే వేడినీళ్ళకి ఎంత గిన్నె కావాలి?

ఈ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. నేను బీరు కాసినవాణ్ణీ కాదు, తాగినవాణ్ణీ కాదు. ముప్పై నాలుగేళ్ళు శాఖా గ్రంథాలయంలో పుస్తకాలకి అట్టలు వేసి, నంబర్లు అంటించి రిటైరయ్యాను. సాయంత్రం ఐదున్నరకి వరండాలో పడక్కుర్చీ వాల్చుకుని, చీకటి పడేదాకా నాలుగు పేజీలు చదువుకోవాలన్నది తప్ప నాకు వేరే కోరిక లేదు. ఆ నాలుగు పేజీలూ నాకు దక్కనివ్వకుండా పద్నాలుగు నెలలపాటు రోజూ ఈ ప్రశ్న వేసినవాడు ఒకడున్నాడు. అంకారావు.

అంకారావుకి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ గిన్నె కనబడినా అందులో ఎన్ని లీటర్లు పడతాయో కొలవకుండా ఉండలేడు. కొలిచాక అది సరిపోయిందని చచ్చినా ఒప్పుకోడు.

ఈ మాట ఎవరైనా పాత రోజుల్లో చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. అంకారావు ముప్పై ఏళ్ళు ఒంగోలు వైపు, పచ్చి పొగాకుని మంట వేడికి ఆరబెట్టే బ్యారన్ల దగ్గర వేడి చూసినవాడు. బ్యారన్ గోడ మీద అరచెయ్యి ఆనించి "ఇంక చాలు, మంట తగ్గించు" అనేవాడు. ఆకు రంగు తిరిగే ఆ ఘడియలో అరనిమిషం తటపటాయిస్తే రైతు పంట మాడి మసైపోతుంది. అలాంటివాడు మా వరండాలోకి వచ్చేసరికి ఒక డేగిసా విషయం తేల్చుకోలేక నానా హైరానా పడేవాడు, నన్ను పెట్టేవాడు.

ఇదంతా మొదలైంది అతని బావ యలమంద వల్ల. యలమంద భార్య కోటేశ్వరి అంకారావుకి చెల్లెలు. యలమందకి మూడెకరాలు మిరప, రెండెకరాలు పత్తి. సాయంత్రం ఆరు దాకా అతనంత పనిమంతుడు మా ఊళ్ళో లేడు. ఆరు దాటితే ఊరి చివర సీసాల కొట్టు ముందు అతనంత నమ్మకస్తుడూ లేడు. ఒకసారి బండి మీద నుంచి పడి కాలవలో తేలాడు. కోటేశ్వరి పుట్టింటికి వచ్చి కూర్చుంది. అంకారావు ఫోను పట్టుకుని బావ దగ్గరికి వెళ్ళాడు.

"బావా, ఆ సీసాల్లో ఏం కలుపుతన్నారో ఎవడికి తెలుసు? ఇది చూడు. బెంగుళూరులో ఇళ్ళల్లోనే బీరు కాసుకుంటన్నారు. మనకి జొన్నలు లేవా, నీళ్ళు లేవా? నాకు వేడి చూడటం రాదా?"

"ఇంట్లోనా! మా ఇంట్లోనే?" అన్నాడు యలమంద. కళ్ళు మెరిశాయట.

"ఇంట్లోనే. కానీ ఒక షరతు. మన సరుకు రుచి తెలియాలంటే నాలిక శుభ్రంగా ఉండాల. మనది దిగేదాకా బయట ఒక్క చుక్క ముట్టకూడదు."

పదిహేను రోజుల భాగ్యం అనుకున్నాడు యలమంద. మా వరండాలోనే, నా ఎదురుగానే, కోటప్పకొండ మీద ఒట్టు వేశాడు. నేను సాక్షిని. కోటేశ్వరి పెట్టె సర్దుకుని కాపురానికి వెళ్ళింది.

"అన్నిటికంటే ముందు వేడినీళ్ళ గిన్నె కుదరాల మాస్టారూ. అది కుదిరితే మిగతాది రెండ్రోజుల పని" అన్నాడు అంకారావు.

బండి అక్కడ ఆగింది. పద్నాలుగు నెలలు ఆగింది.

మొదట్లో నేను భయపెట్టి చూశాను. "ఏమయ్యా, ఇంట్లో బీరు కాస్తే ఎక్సైజువాళ్ళు ఊరుకుంటారా?"

"కాస్తే గదండీ పట్టుకునేది! గిన్నె కొంటే కేసేంది?" అన్నాడు. ఆ మాట నేను ఇంకొంచెం శ్రద్ధగా విని ఉండాల్సింది.

రోజూ సరిగ్గా ఐదున్నరకి "మాస్టారూ, ఒక చిన్న డౌటు" అంటూ గేటు తీసేవాడు. వెనకాల లీటరు నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని యలమంద.

"ఐదు కేజీల గింజండీ. కేజీకి మూడు లీటర్ల చొప్పున పదిహేను లీటర్ల వేడినీళ్ళు. అందులో ఐదు లీటర్లు గింజే తాగేస్తది."

"నాకంటే ముందే తాగుద్దన్నమాట" అన్నాడు యలమంద దిగులుగా.

"ఆ గింజని మళ్ళీ కడగటానికి ఇంకో పదిహేను. మొత్తం ముప్పై. ఇప్పుడు చెప్పండి. పదిహేను లీటర్ల గిన్నె తీసుకోమంటారా, ముప్పైదా?"

"పదిహేనుది తీసుకుని రెండుసార్లు కాచుకో."

"రెండో వాయి కాగేలోపు మొదటిది చల్లారిపోతే?"

"అయితే ముప్పైది తీసుకో."

"అంచుదాకా పోస్తే పొంగదూ?"

"నలభైది తీసుకోవయ్యా బాబూ!"

"నలభైదాంట్లో పదిహేను పోస్తే నీళ్ళు అడుగున ఎక్కడో ఉంటయ్. థర్మామీటరు అందొద్దూ?"

నేను పుస్తకం మూసేసేవాణ్ణి. వేలు మాత్రం పేజీలోనే ఉంచుకునేవాణ్ణి, ఆశ చావక.

పోయేటప్పుడు ఇంకో తంటా. "వస్తా మాస్టారూ" అని లేచేవాడు. మెట్టు దిగి "వస్తానండీ" అనేవాడు. చెప్పులు వేసుకుని మళ్ళీ అనేవాడు. గేటు దగ్గరికి పోయి, "వస్తా. అన్నట్టు మాస్టారూ, మూత పెడితే లీటర్లేమన్నా మారతయ్యా?" అని వెనక్కి వచ్చేవాడు. మా ఆవిడ వెంకటరావమ్మ వంటింట్లోంచి లెక్కపెట్టింది. రోజుకి ఏడు వస్తాలు. ఏడోది పూర్తయ్యేసరికి ఎనిమిది దాటేది. యలమంద అరుగు మీద ఆవలిస్తూ, "బావా, ఆకలేస్తంది, పోదాం పా" అని చొక్కా పట్టుకుని లాగితే గానీ కదిలేవాడు కాదు.

ఒకసారి గుంటూరు తీసుకెళ్ళాడు నన్ను, లెక్కకి తోడుగా. అస్లాం అని, వంటపాత్రల వ్యాపారి. కొట్టు నిండా పెళ్ళిళ్ళ డేగిసాలు.

"ఎంతమందికండీ?" అన్నాడు అస్లాం.

"మందికి కాదు. నీళ్ళు కాచటానికి."

"పెళ్ళా, పురుడా?"

"బీరు."

అస్లాం నా వైపు తిరిగాడు. "ఈయన మీ మనిషేనా సార్?"

"మా ఊరి మనిషి" అన్నాను జాగ్రత్తగా.

"ఇది చూడండి, పది కేజీల బియ్యం డేగిసా."

"నీళ్ళు ఎన్ని పడతయ్?"

"నీళ్ళెవడు కొలుస్తాడు సార్! పది కేజీలు ఉడుకుద్ది, అంతే."

అంకారావు సైగ చేశాడు. యలమంద కుళాయి దగ్గరికి పోయి సీసా నింపుకొచ్చి పోయడం మొదలెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పదిహేడో సీసా దగ్గర అంకారావు ఉన్నట్టుండి, "అస్లాం భాయ్, మీ సొంతూరేది?" అన్నాడు.

"నరసరావుపేట సార్."

"మంచి ఊరు. బావా, ఇది పదిహేడా, పద్దెనిమిదా?"

యలమంద సీసా పట్టుకుని నిలబడిపోయాడు. "పదిహేడో... పద్దెనిమిదో..."

"పారబోయ్. మొదట్నించి."

మూడుసార్లు పారబోశారు. కొట్టు ముందు మడుగైంది. నాలుగోసారి అస్లామే పక్కన నిలబడి గట్టిగా లెక్కపెట్టి ఇరవై ఆరు తేల్చాడు. అంకారావు డేగిసా కొని బస్సెక్కించి, మా ఊరొచ్చాక దిగుతూ, "కొంచెం చిన్నదైంది మాస్టారూ" అన్నాడు.

అది మొదటిది. తర్వాత ఐదు కొన్నాడు. ఒకటి మూడు లీటర్లు పెద్దది. ఒకటి సరిపోయింది గానీ మూతి వెడల్పు, వేడి పోద్ది. ఒకటి అంగన్‌వాడీలో షారోన్ టీచరుకి పోయింది. ఆమె అందులో గుడ్లు ఉడకబెడుతూ, "ఇంకొకటి చిన్నదైతే చెప్పండన్నయ్యా" అని మనిషిని పంపుతుండేది. పత్తి తీతకి వచ్చే కూలీల మేస్త్రి ఒకటి పట్టుకుపోయాడు. ఊరందరికీ గిన్నెలు కుదిరాయి, యలమందకి తప్ప.

మా ఊళ్ళో బాపయ్యగారు కాలం చేసినప్పుడు కూడా వదల్లేదు. తొంభై ఏళ్ళ మనిషి. స్నానానికి వాకిట్లో నీళ్ళు కాగుతున్నాయి. కోడలు మల్లేశ్వరి అంకారావుని చూసి బావురుమంది.

"నిండు మనిషి అన్నయ్యా! వెళ్ళిపోయాడన్నయ్యా!"

"ఏం చేస్తావమ్మా, ఊరుకో" అన్నాడు అంకారావు. చూపు మాత్రం పొయ్యి మీదే ఉంది. "తల్లీ, ఆ కాగు ఇరవై రెండు లీటర్లుంటదా?"

మల్లేశ్వరి ఏడుపు ఆపి, ముక్కు చీది, ఒక్క క్షణం ఆలోచించింది. "ఇరవై నాలుగు అన్నయ్యా. మా అమ్మోళ్ళు పెట్టింది" అని చెప్పి మళ్ళీ అందుకుంది.

నేను సిగ్గుతో పాడె కట్టేవాళ్ళ చాటుకి పోయాను. యలమంద జేబులోంచి సీసా తీయబోతుంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

మిరప కోతల రోజుల్లో యలమంద ఇక ఆగలేకపోయాడు. గిన్నె సంగతి తర్వాత, ముందు కాస్త గింజైనా తయారుచేసి చూద్దామని పట్టుబట్టాడు. జొన్నలు నానబెట్టి, మొలకలు రాగానే, "ఎక్కడ ఆరబొయ్యను బావా?" అని అడిగాడు. అంకారావు చెప్పిన చోట ఆరబోశాడు. నాలుగు రోజుల తర్వాత మా ఇంటి పెరట్లోనే, మా ఆవిడ రాగి కాగులోనే, నీళ్ళు మరిగించి గింజ వేశారు.

ముందు మా ఆవిడ తుమ్మింది. తర్వాత పక్కింటివాళ్ళు. తర్వాత వీధి వీధంతా. పాలకేంద్రం దగ్గర క్యూలో నిలబడ్డవాళ్ళు కొంగులూ కండువాలూ ముక్కుకి అడ్డం పెట్టుకుని పరుగెత్తారు. నా కళ్ళజోడు లోపల గోదావరి.

"ఎక్కడ ఆరబోశార్రా ఆ జొన్నలు?" అని అరిచాను.

"మిరపకాయల కళ్ళంలో మాస్టారూ" అన్నాడు యలమంద దగ్గుతూ. "కాయ ఎత్తాక ఖాళీగా ఉంది గదా అని బావ చెప్తే..."

కాయ ఎత్తిన కళ్ళంలో ఇంత మందాన కారం దుమ్ము ఉంటుందని మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆ కళ్ళంలో కూర్చుని ఎవడూ మొహం కూడా తుడుచుకోడు. నేను అంకారావు వైపు ఉరిమి చూశాను. అతను కారే ముక్కు తుడుచుకుంటూ, ఏమాత్రం తొణక్కుండా అన్నాడు:

"చూశారా మాస్టారూ? గిన్నె చిన్నదవబట్టే ఘాటు బయటికొచ్చింది."

మా ఆవిడ కాగుని చింతపండుతో ఐదుసార్లు తోమింది. ఆ వారమంతా మా ఇంట్లో స్నానం చేసినవాళ్ళకి ఒళ్ళు మండింది.

ఇలా ఉండగా ఒకరోజు యలమంద ఒక్కడే, మధ్యాహ్నం పూట వచ్చాడు.

"మాస్టారూ, మీరు చదువుకున్నోళ్ళు. మీరైనా ఒక గిన్నె తేల్చండి. మా బావ ఈ జన్మలో తేల్చడు. నేను ఎండిపోతన్నానండీ!"

ఎండిపోతున్నానంటున్న మనిషి చెంపలు పూరీల్లా ఉన్నాయి. చొక్కా గుండీలు పొట్ట దగ్గర పట్టడం లేదు.

"మనది ఒక్కసారి దిగితే చాలండీ. ఒట్టు తీరిపోద్ది. ఆ తర్వాత కొట్టు ఉంది, నేనున్నాను."

నాకు నిజంగా జాలేసింది. అంతకంటే నిజం చెప్పాలంటే, నా సాయంత్రాలు నాకు కావాలనిపించింది. కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. గింజ తాగేది, కుళాయి అడుగున మిగిలేది, పొంగకుండా పైన వదలాల్సింది, అన్నీ కలిపితే నలభై లీటర్లు. థర్మామీటరు పొడుగుది తీసుకుంటే ఆ పేచీ కూడా ఉండదు. మా ఆవిడ తమ్ముడు ప్రసన్నకుమార్ తుళ్ళూరులో ఉంటాడు. అక్కడ కట్టుబడి పనివాళ్ళ క్యాంటీను ఒకటి ఎత్తేస్తూ గిన్నెలు అమ్ముతున్నారని చెప్పాడు. బస్సెక్కి వెళ్ళాను. స్టీలు గిన్నె, కింద కుళాయి, లోపల గీతలు కూడా గీసి ఉన్నాయి. అచ్చంగా నలభై. అంత బరువు గిన్నెని ఈ వయసులో రెండు బస్సులు మార్చి ఇంటికి తెచ్చాను. విజయగర్వంతో వరండా మధ్యలో పెట్టి, మీద పొడుగు థర్మామీటరు పెట్టి, ఐదున్నర కోసం ఎదురుచూశాను. పద్నాలుగు నెలల్లో అతని కోసం నేను ఎదురుచూసింది ఆ ఒక్కరోజే.

అంకారావు గేటు తీసి, గిన్నెని చూసి, అక్కడే నిలబడిపోయాడు. "ఒక చిన్న డౌటు" అనలేదు.

"నలభై!" అన్నాను.

యలమంద సీసా కింద పారేసి గిన్నెని రెండు చేతులా కావలించుకున్నాడు. "వచ్చేసింది బావా! మాస్టారు దేవుడు! రేపే జొన్నలు నానేద్దాం!"

"కొలవాల గదా" అన్నాడు అంకారావు.

కొలిచారు. పదమూడో సీసా దగ్గర అంకారావు, "మాస్టారూ, మీ మోకాలి నొప్పి ఎట్టా ఉంది?" అన్నాడు. నాకు ఆ ఎత్తు తెలుసు. మొదటి సీసా నుంచీ గోడ మీద సుద్దముక్కతో గీస్తున్నాను, పదమూడో గీత గీశాను. ఇరవై ఒకటో సీసా దగ్గర దగ్గు వచ్చింది అతనికి. గీత గీశాను. ముప్పై రెండు దగ్గర పాము అన్నాడు. పాము లేదు. గీత గీశాను. నలభై సీసాలు, నలభై గీతలు. నీళ్ళు సరిగ్గా గిన్నె లోపలి నలభై గీతకి వచ్చి ఆగాయి. అంకారావు అరుగు మీద కూలబడ్డాడు. ఆకు మాడిన బ్యారన్ ముందు రైతు మొహం ఎలా ఉంటుందో నేను చూడలేదు గానీ, అలాగే ఉండి ఉంటుంది.

నేను మాత్రం సంతోషంగా, మంచినీళ్ళు తాగుదామని లోపలికి వెళ్ళాను. వంటింట్లో పెరటి గుమ్మం దగ్గర కోటేశ్వరి నిలబడి ఉంది. మొగుణ్ణి భోజనానికి పిలవడానికి వచ్చినట్టుంది.

"గిన్నె కుదిరిందా అక్కయ్యా?" అని మా ఆవిణ్ణి అడుగుతోంది. "మాస్టారుగారు కుదిర్చారంట గదా."

"కుదిర్చారు" అంది మా ఆవిడ, నా వైపు చూడకుండా.

"సరేలే అక్కయ్యా. పద్నాలుగు నెలలన్నా బాగా గడిచింది" అని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ పెరటి దారినే వెళ్ళిపోయింది.

మా ఆవిడ గరిటె కింద పెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుంది. నలభై ఐదేళ్ళ కాపురంలో ఆ భంగిమ తర్వాత నాకు మంచి మాట వచ్చిన దాఖలా లేదు.

"మీ లెక్క తగలెయ్యా! ఊరందరికీ తెలుసు, మీకు తప్ప. ఆ గిన్నె కుదిరిన రోజున ఆ పిల్ల మళ్ళీ పెట్టె సర్దుకోవాలి. ముప్పై ఏళ్ళు బ్యారన్ చూసినోడికి ఒక గిన్నె తేల్చుకోవడం రాదా? మిరపకాయల కళ్ళంలో జొన్నలు ఆరబోయమని ఎవడన్నా తెలియక చెప్తాడా? నా కాగు పాడైనా నోరు మూసుకుని తోమాను. మీరు రెండు బస్సులు మారి వెళ్ళి మరీ తెచ్చారు!"

నేను మంచినీళ్ళు తాగడం మర్చిపోయాను. ఐదున్నర నుంచి ఎనిమిది. సీసాల కొట్టు కిటకిటలాడే వేళ. ఏడు వస్తాలు. ఒక్కొక్కటి నన్ను ఎంత విసిగించిందో! నా నాలుగు పేజీలు పోయాయనుకున్నాను గానీ, పద్నాలుగు నెలల సాయంత్రాలు అక్కడ ఎవరికి జమవుతున్నాయో చూసుకోలేదు.

వరండాలోకి తిరిగి వచ్చాను. యలమంద నీళ్ళు పారబోసి, గిన్నెని భుజానికెత్తుకునే ప్రయత్నంలో ఉన్నాడు. అంకారావు నేల చూస్తున్నాడు.

"ఆగవయ్యా యలమందా. కింద పెట్టు" అన్నాను. "మనం ఒకటి మర్చిపోయాం."

"ఏందండీ?"

"ఈ లెక్క ఎక్కడిది?"

"బెంగుళూరుది."

"అక్కడ ఎండెంత, ఇక్కడ ఎండెంత? మన రోహిణి కార్తెలో పొయ్యి ఎక్కించకుండానే నీళ్ళు ఆవిరవుతాయి. ఆ పోయే నీళ్ళు ఎక్కడ కలిపాం? గుంటూరు ఎండకి బెంగుళూరు గిన్నె పనికొస్తుందా?"

యలమంద నోరు తెరిచాడు. "అయితే?"

నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, గిన్నెలోకి తొంగిచూశాను. జీవితంలో ఏ పుస్తకానికీ నేను తప్పుడు నంబరు వేసి ఎరగను.

"నాలుగు లీటర్లు చిన్నది" అన్నాను.

అంకారావు తలెత్తాడు. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. బ్యారన్ గోడ మీద చెయ్యి ఆనించినవాడి చూపు అది. లోపల వేడి ఎంతుందో తెలిసిపోయినట్టుంది.

యలమంద గిన్నె అంచు పట్టుకుని కూలబడి, కాసేపు గుంటూరు ఎండని తిట్టి, ఆ తర్వాత బెంగుళూరువాళ్ళని తిట్టాడు. సీసా ఎక్కడుందో వెతుక్కుని చేత్తో పట్టుకున్నాడు.

ఇదంతా ఇలా రాసేయడానికి నాకు ధైర్యం ఒక్కటే: యలమంద పుస్తకాలు చదవడు. ఎవరైనా చదివి వినిపించినా, గిన్నె ఎంతది కావాలో నాకు తెలియదనే మొదట్లోనే రాశాను. ఆ మాట మీదే ఉంటాను. ఆ నలభై లీటర్ల గిన్నెలో ఇప్పుడు మా ఆవిడ వడియాల పిండి ఉడికిస్తోంది. కింద కుళాయి ఎందుకని అడిగినవాళ్ళకి నన్ను చూపిస్తుంది.

ఆ సాయంత్రం ఎనిమిది దాటింది. అంకారావు లేచాడు. నేను పడక్కుర్చీలో కూర్చుని మొదటి వస్తా కోసం చూస్తున్నాను. మెట్టు దిగాడు. చెప్పులు వేసుకున్నాడు. గేటు దాటాడు. యలమంద పరుగు లాంటి నడకతో వెనకాలే పోయాడు. వీధిలోంచి మాటలు వినబడుతున్నాయి.

"బావా, నలభై నాలుగు లీటర్లది చీరాలలో దొరుకుద్దంటావా?"

"దొరకదు బావా. అయినా రేపు సాయంత్రం పోయి చూద్దాం."

గేటు కూడా వెయ్యలేదు. ఒక్కసారైనా వస్తానని అనకుండా వెళ్ళిపోయాడు.